పాపప్పుల పాపం ఎవరిది?

మా కడప, కర్నూలు వైపు ఫోన్లో ఏం జరిగినా దానికి ఒకటే పేరు: వైరస్. ఫోన్ స్లో అయితే వైరస్. బ్యాటరీ దిగిపోతే వైరస్. ఇంటర్ రిజల్ట్స్ చూద్దామని ఒక లింకు నొక్కితే రమ్మీ ఆట తెరుచుకుందా, అదీ వైరసే. నేను సాఫ్ట్‌వేర్ ఉద్యోగంలో చేరి ఆరేళ్ళయింది. పండక్కి ఊరెళ్ళిన ప్రతిసారీ చుట్టాలు, పక్కింటోళ్ళు ఫోన్లు తెచ్చి చేతిలో పెడతారు. సాఫ్ట్‌వేర్ వాడంటే ఫోన్ డాక్టరని మా ఊళ్ళో గట్టి నమ్మకం మరి :) అలా చూసిన వాటిలో నిజంగా వైరస్ ఉన్న ఫోన్ ఒకటో రెండో. మిగతావన్నీ ఎవరో అడిగితే వీళ్ళు "సరే" అని నొక్కిన అనుమతులు.

నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. ఆ తప్పు నొక్కినోళ్ళది కాదు, నొక్కించినోళ్ళది. "చూసి నొక్కాలి కదా" అనేది మన ఇంజనీర్ల నోట్లో ఎప్పుడూ రెడీగా ఉండే జవాబు. ఎంత తేలికైన జవాబో అంత తప్పుడు జవాబు. ఎందుకంటున్నానో చెప్తాను. దాంతోపాటు, ఈ గోల వదిలించుకునే దారి కూడా చెప్తాను. ఉత్త తిట్లతో ఎవరి ఫోనూ బాగుపడదు కదా.

నాలుగొందల రూపాయల ఫార్మాట్

ప్రొద్దుటూరులో మా చిన్నమ్మ ఉంటుంది. ప్రొద్దుటూరు అంటే బంగారమే కాబట్టి అందరిలాగే ఆమె కూడా రోజూ పొద్దున్నే ఫోన్లో బంగారం రేటు చూస్తుంది. కొనడానికి కాదు, ఊరికే. ఒకరోజు నుంచి ఫోన్లో గంటకోసారి ఎర్ర అక్షరాలతో హెచ్చరికలు మొదలయ్యాయి. నాకు ఫోన్ చేసింది.

"ఏందిరా నాయనా ఇది, పదమూడు వైరస్సులు ఉండాయంట. బ్యాంకులో దుడ్లు పోతాయంట. నేనేమీ నొక్కలా!"

నేను శనివారం వస్తాను, అంతవరకు ఏమీ చేయొద్దు అన్నాను. కానీ అంతవరకు ఆగేంత ధైర్యం ఆమెకు లేదు. ఫోన్ పట్టుకుని ఒక రిపేర్ షాపుకు పోయింది. అక్కడ నాలుగొందలు తీసుకుని ఫార్మాట్ కొట్టి ఇచ్చారు. మా చిన్నాయన 2021లో కరోనా రెండో వేవ్‌లో పోయినాడు. ఆయన ఫోటోలు, వాట్సాప్‌లో ఆయన పంపిన వాయిస్ మెసేజ్‌లు అన్నీ ఆ ఫోన్లోనే ఉండేవి. బ్యాకప్ లేదు. ఉందా అని షాపులో ఎవరూ అడగలేదు.

మూడో రోజుకు ఆ ఎర్ర అక్షరాలు మళ్ళీ వచ్చాయి. ఎందుకు రావు? ఆమె మళ్ళీ అదే బంగారం రేటు సైటుకు వెళ్ళింది. "మీరు రోబో కాదని నిరూపించడానికి అలౌ నొక్కండి" అని ఆ సైటు ఇంగ్లీషులో మళ్ళీ అడిగింది. బాణం గుర్తు పెట్టి మరీ చూపించింది. ఆమె మళ్ళీ నొక్కింది. నేను వెళ్ళి ఆ అనుమతి తీసేయడానికి పట్టింది అర నిమిషం. వాయిస్ మెసేజ్‌లు మాత్రం రాలేదు.

ఇప్పుడు చెప్పండి, ఈమెను "చూసి నొక్కాలి కదా" అని ఏ నోటితో అనాలి?

ఈ పాపప్ ఎక్కడ పుట్టింది?

1990ల చివర్లో అమెరికాలో ట్రైపాడ్ అనే సైటు ఉండేది. జనం తమ సొంత పేజీలు పెట్టుకునే చోటు అది. ఒక కార్ల కంపెనీకి తన ప్రకటన ఒక అశ్లీల పేజీ మీద కనిపించిందని కోపమొచ్చింది. సరే, ప్రకటనను పేజీలో కాకుండా వేరే కిటికీలో చూపిస్తే పోలా అని అక్కడ పనిచేసే ఈథన్ జుకర్‌మన్ కోడ్ రాశాడు. ఆయనే 2014లో 'ది అట్లాంటిక్' పత్రికలో వ్యాసం రాసి, మా ఉద్దేశం మంచిదే కానీ క్షమించండి అన్నాడు.

2004 నాటికి ఫైర్‌ఫాక్స్‌లోనూ, విండోస్ ఎక్స్‌పీ సర్వీస్ ప్యాక్ 2తో ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్‌లోనూ పాపప్ బ్లాకర్లు వచ్చేశాయి. దాంతో పాపప్పుల పని అయిపోయిందనుకున్నారు. కానీ మోసం చేసేవాడు ఒక తలుపు మూస్తే ఇంకో తలుపు వెతుక్కుంటాడు. ఆ తలుపు పేరే నోటిఫికేషన్. 2015లో క్రోమ్‌లో వెబ్‌సైట్లు నోటిఫికేషన్లు పంపే సదుపాయం వచ్చింది. మెయిల్ వచ్చింది, మీ రైలు లేటు అని చెప్పడానికి పెట్టిన సదుపాయం అది. బంగారం రేటు సైటు దాన్ని దేనికి వాడుకుందో పైన చూశారు కదా.

ముందు రోగం ఎక్కడో చూడండి

ఫార్మాట్ కొట్టించే ముందు ఈ ప్రశ్నలు వేసుకోండి. మందు కన్నా ముందు రోగం ఏ భాగంలో ఉందో తెలియాలి.

1. బ్రౌజర్ మూసి ఉన్నా, నోటిఫికేషన్ల వరుసలో వస్తోందా? అయితే అది ఏదో సైటుకు ఇచ్చిన అనుమతి. ఆ నోటిఫికేషన్‌ను వేలితో కాసేపు నొక్కి పట్టుకుంటే ఏ సైటు పంపిందో, ఎలా ఆపాలో చూపిస్తుంది. లేదంటే క్రోమ్‌లో మూడు చుక్కలు, సెట్టింగ్స్, సైట్ సెట్టింగ్స్, నోటిఫికేషన్స్. అక్కడ అలౌ కింద తెలియని పేర్లన్నీ తీసేయండి. మా చిన్నమ్మ కేసు ఇదే. నేను చూసిన వాటిలో ఎక్కువ భాగం కూడా ఇదే.

2. ఏ యాప్ తెరవకపోయినా స్క్రీన్ నిండా ప్రకటన వచ్చి పడుతోందా? అది బ్రౌజర్ పని కాదు, ఏదో యాప్ పని. చాలాసార్లు టార్చ్‌లైట్, వాల్‌పేపర్, 'ఫోన్ క్లీనర్' లాంటివి. ఫోన్‌ను సేఫ్ మోడ్‌లో తెరిస్తే మనం వేసుకున్న యాప్‌లు నడవవు. అప్పుడు ప్రకటనలు ఆగిపోతే దొంగ వాటిలోనే ఉన్నట్టు. ఈ మధ్య వేసిన వాటి నుంచి ఒక్కొక్కటే తీసేస్తూ రండి. సెట్టింగ్స్‌లో 'ఇతర యాప్‌లపై కనిపించడానికి' ఎవరెవరికి అనుమతి ఉందో కూడా చూడండి. అక్కడ దొరికిపోతారు.

3. కంప్యూటర్లో గూగుల్‌లో వెతికితే వేరే ఏదో సెర్చ్ సైటుకు పోతోందా? ఎక్స్‌టెన్షన్‌ను అనుమానించండి. ఇన్‌కాగ్నిటోలో ఎక్స్‌టెన్షన్లు మామూలుగా పనిచేయవు కాబట్టి అక్కడ ఒకసారి వెతికి చూడండి. అక్కడ బాగుంటే ఎక్స్‌టెన్షన్లన్నీ ఆపి, ఒక్కొక్కటే ఆన్ చేస్తూ రండి. తర్వాత సెర్చ్ ఇంజన్, స్టార్టప్ పేజీ సరిచేయండి. మీ సొంత కంప్యూటర్లో క్రోమ్ మెనూ కింద 'మీ సంస్థ నిర్వహిస్తోంది' అని కనిపిస్తే, ఏదో ప్రోగ్రామ్ దొంగచాటుగా పాలసీ పెట్టి ఉండొచ్చు. ఎక్స్‌టెన్షన్ తీసేసినా మళ్ళీ మళ్ళీ వచ్చేది అందుకే. అప్పుడు ముందు ఆ ప్రోగ్రామ్‌ను తీయాలి.

4. ఇంట్లో అందరి ఫోన్లలోనూ వస్తోందా? వైఫై ఆపి మొబైల్ డేటాతో చూడండి. తగ్గితే రౌటర్ దగ్గర తేడా ఉంది. ఎవరో రౌటర్లోకి దూరి డీఎన్ఎస్ మార్చి ఉంటారు. డీఎన్ఎస్ అంటే ఇంటర్నెట్‌కు దారి చెప్పేవాడు. బస్టాండులో కడప బస్సు ఎక్కడ అని అడిగితే తన సొంత వ్యాన్ ఎక్కించే మనిషిని ఊహించుకోండి. ఇదేం కల్పన కాదు. డీఎన్ఎస్ ఛేంజర్ అనే మాల్వేర్ ఇలాగే 40 లక్షల పైచిలుకు కంప్యూటర్లను దారి మళ్ళించింది. 2011 నవంబర్‌లో ఎఫ్‌బీఐ కేసు పెట్టి ఎస్టోనియాలో ఆరుగురిని పట్టించింది. రౌటర్ వెనక సన్నటి బొక్కలో పిన్నుతో రీసెట్ చేసి, పాస్‌వర్డ్ 'అడ్మిన్' అని వదిలేయకుండా మార్చండి. రీసెట్ కొట్టే ముందు మీ నెట్ కనెక్షన్ యూజర్ నేమ్, పాస్‌వర్డ్ రాసి పెట్టుకోండి. లేకపోతే కేబులాయన వచ్చేదాకా నెట్ ఉండదు.

5. ఒక్క సైటులోనే వస్తోందా? అయితే మీ ఫోన్‌కు ఏ రోగమూ లేదు. రోగం ఆ సైటుకు. అది కావాలనే అలాంటి ప్రకటనలు పెట్టుకుని ఉండొచ్చు, లేదా దాన్ని ఎవరైనా హ్యాక్ చేసి ఉండొచ్చు.

ఈ ఐదింటిలో ఫార్మాట్ అనే మాట ఒక్కసారీ రాలేదు, గమనించారా? ఫార్మాట్ అంటే ఇంట్లో ఎలుక దూరిందని కొట్టానికి నిప్పు పెట్టడం. ఎలుక పోతుంది, నిజమే. గింజలు కూడా పోతాయి.

పెద్దోళ్ళు చేసినా తప్పే

ఇదంతా ఏదో చీకటి సైట్ల పని అనుకోకండి. 2015 జూన్‌లో బెంగళూరు ప్రోగ్రామర్ తేజేష్ జీఎన్ తన ఎయిర్‌టెల్ 3జీ కనెక్షన్లో వెబ్ పేజీలు తెరిచినప్పుడు, ఆ పేజీలో లేని జావాస్క్రిప్ట్ కోడ్ ఒకటి మధ్యలో వచ్చి చేరుతోందని కనిపెట్టి సాక్ష్యంతో సహా గిట్‌హబ్‌లో పెట్టాడు. ఆ కోడ్ ఇజ్రాయెల్‌కు చెందిన ఫ్లాష్ నెట్‌వర్క్స్‌ది. మెచ్చుకోవాల్సింది పోయి ఆ కంపెనీ తరఫు లాయర్లు ఆయనకే నోటీసు పంపారు. వినియోగదారులు ఎంత డేటా వాడారో తెలియజేయడానికే ఆ ఏర్పాటని ఎయిర్‌టెల్ చెప్పింది, నోటీసుతో తనకు సంబంధం లేదంది.

ఇలా మధ్యలో కోడ్ దూర్చడం ఎలా కుదిరిందంటే, అప్పట్లో చాలా సైట్లు హెచ్‌టీటీపీ మీదే నడిచేవి. అది పోస్టుకార్డు లాంటిది. దారిలో ఎవరైనా చదవొచ్చు, కింద ఖాళీ ఉంటే ఇంకో రెండు ముక్కలు రాయొచ్చు. హెచ్‌టీటీపీఎస్ అంటికించిన కవరు. 2016 నుంచి లెట్స్ ఎన్‌క్రిప్ట్ ఉచితంగా సర్టిఫికెట్లు ఇవ్వడం, 2018 జులై నుంచి క్రోమ్ మామూలు హెచ్‌టీటీపీ సైట్లన్నిటికీ 'సురక్షితం కాదు' అని ముద్ర వేయడంతో ఈ దారి చాలావరకు మూసుకుపోయింది. వినియోగదారులకు క్లాసులు పీకితే మూసుకోలేదు, వ్యవస్థను మారిస్తే మూసుకుంది. నా వాదనకు ఇంతకన్నా మంచి సాక్ష్యం నాకు దొరకదు.

సర్కారు సైట్లు మాత్రం తక్కువ తిన్నాయా! 2024 మే నెలలో టెక్‌క్రంచ్ ఒక వార్త రాసింది. మన దేశంలో పలు రాష్ట్రాల గవర్నమెంట్ వెబ్‌సైట్ల లింకులు డజన్ల కొద్దీ బెట్టింగ్ సైట్లకు దారి మళ్ళుతున్నాయని. చివర్లో ప్రభుత్వం పేరు చూసి నమ్మి నొక్కిన మనిషిని "చూసి నొక్కాలి" అంటే ఇంకేం చూడాలి? 2020 సెప్టెంబర్‌లో మన రాష్ట్రం ఆన్‌లైన్ రమ్మీ, పోకర్‌లను నిషేధించింది. 2025 ఆగస్టులో పార్లమెంటు డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలను, వాటి ప్రకటనలను కూడా నిషేధిస్తూ చట్టం చేసింది. కానీ చట్టం వాకిట్లో కాపలా కాస్తుంటే, ఈ దారిమళ్ళింపులు పెరటి గోడ దూకి వస్తున్నాయి.

రిజల్ట్స్ రోజు

మనవైపు ఈ మోసాలకు పెద్ద పండగ పరీక్ష ఫలితాల రోజు. నేను ఇంటర్ రిజల్ట్స్ చూసుకున్న రోజుల్లో కర్నూల్లో నెట్ సెంటర్ల ముందు క్యూలుండేవి. ఇప్పుడు క్యూ లేదు, అందరి చేతిలో ఫోన్లే. అసలు సైటు మొరాయిస్తే పిల్లలు గూగుల్‌లో దొరికిన ఏదో ఒక సైటుకు పోతారు. ఆ పేజీలో 'వ్యూ రిజల్ట్', 'డౌన్‌లోడ్', 'కంటిన్యూ' అని పది బటన్లుంటాయి. అందులో అసలుది ఒక్కటే. తొలకరి వానలకు జొన్నగిరి, తుగ్గలి చేలల్లో జనం వజ్రాల కోసం వెతుకుతుంటారే, సరిగ్గా అట్లా వెతకాలి. చేలో తప్పు రాయి ఎత్తితే పారేసి ముందుకు పోతాం. ఇక్కడ తప్పు బటన్ నొక్కితే అది మనవెంటే ఇంటికి వస్తుంది. అదీ తేడా.

గుండె దడదడలాడుతున్న పదిహేడేళ్ళ పిల్లకు, పక్కనే నిలబడి "ఏమొచ్చిందే?" అని అడుగుతున్న తండ్రికి, ఏది ప్రకటనో ఏది బటనో తేల్చుకునే ఓపిక ఉంటుందా? ఆ ఆత్రం తెలిసే కదా అక్కడ వల పన్నేది.

దీనికి విరుగుడు కూడా మన రాష్ట్రమే చూపించింది. 2025 ఏప్రిల్ 12న ఇంటర్ ఫలితాలను ప్రభుత్వం మన మిత్ర వాట్సాప్ సేవలో కూడా ఇచ్చింది. నెంబరుకు మెసేజ్ పెడితే మార్కులు వస్తాయి. మధ్యలో దొంగ బటన్లు లేవు. నాకు ప్రభుత్వాల మీద పెద్ద భక్తి లేదు కానీ, మంచి పని మంచి పనే. సరైన దారి తేలిగ్గా ఉంటే జనం తప్పు దారి తొక్కరు. ఇంత చిన్న సూత్రం కోసం పెద్ద చదువులు అక్కర్లేదు.

అనుమతి అంటే ఏంటి?

నన్ను ఎక్కువ బాధపెట్టేది భాష. అలౌ, బ్లాక్. ఈ రెండు మాటల మధ్య తేడా తెలియని మనిషి దగ్గర తీసుకున్న అనుమతి అనుమతేనా? చదువురాని రైతు దగ్గర వేలిముద్ర వేయించుకుని, తర్వాత కాగితం చూపించి "నువ్వే ఒప్పుకున్నావు కదా" అనే షావుకారుకూ, ఈ సైట్లకూ ఏం తేడా? కరువు సీమలో ఆ వేలిముద్రల కథలు మనకు కొత్త కాదు.

వ్యక్తిగత డేటా రక్షణ కోసం 2023లో వచ్చిన చట్టం ప్రకారం, మన సమ్మతి అడిగే నోటీసును ఇంగ్లీషులో గానీ రాజ్యాంగం ఎనిమిదో షెడ్యూల్‌లోని ఏ భాషలో గానీ చదువుకునే వీలు మనకు ఇవ్వాలి. తెలుగు అందులో ఉంది. డేటా విషయంలో ఈ సూత్రం సరైనదైతే, సైటు అడిగే ప్రతి అనుమతికీ సరైనదే. అదే ఏడాది నవంబర్ 30న కేంద్ర వినియోగదారుల రక్షణ అథారిటీ డార్క్ ప్యాటర్న్స్ మీద మార్గదర్శకాలు తెచ్చింది. మొత్తం 13 రకాల మాయలను పేరు పెట్టి మరీ చెప్పింది. ప్రకటన కానట్టు వేషం వేసుకునే ప్రకటన వాటిలో ఉంది. వైరస్ ఉందని భయపెట్టి డబ్బు గుంజడమూ ఉంది. అంటే మా చిన్నమ్మ చూసిన ఎర్ర అక్షరాలకు మన దేశంలో ఒక పేరుంది, అది తప్పని రాసి కూడా ఉంది. లేనిది ఆ రాసినదాన్ని పట్టుకుని అడిగేవాళ్ళు.

బ్రౌజర్లు చేసేవాళ్ళకు ఇదంతా తెలియదా అంటే, బాగా తెలుసు. ఫైర్‌ఫాక్స్ వాళ్ళు 2019లో పరీక్షించి చూస్తే నోటిఫికేషన్ కోసం అడిగిన వాటిలో దాదాపు 99 శాతాన్ని జనం ఒప్పుకోలేదని తేలింది. 2020 జనవరిలో వాళ్ళు ఆ ప్రశ్నను పక్కకు నెట్టేశారు. మరుసటి నెల క్రోమ్ కూడా గొంతు తగ్గించింది. 2025 అక్టోబర్‌లో గూగుల్, మనం ఎన్నాళ్ళగానో పట్టించుకోని సైట్ల నోటిఫికేషన్ అనుమతిని క్రోమ్ తనంతట తనే తీసేస్తుందని ప్రకటించింది. మంచిదే. కానీ జనం అక్కర్లేదంటున్నదాన్ని అడగడం మానడానికి ఇన్నేళ్ళు ఎందుకు పట్టింది? ప్రకటనల డబ్బు మీద బతికే కంపెనీయే బ్రౌజర్ కూడా చేస్తే ఇంతే. కాపలా కుక్కకు దొంగ కూడా కొంచెం కొంచెం బిస్కెట్లు వేస్తున్నాడని నా అనుమానం. కాదంటే కాదనండి.

ఒక్క మాట ఒప్పుకోవాలి. ప్రకటనలే వద్దు అనడం లేదు నేను. మన జిల్లాల వార్తలు రాసే చిన్న చిన్న సైట్లు ఆ నాలుగు రూపాయలతోనే నడుస్తాయి. పేజీలో ఒక పక్కన చీరల ప్రకటన పెట్టుకోండి, ఎవరొద్దన్నారు? చీరల ప్రకటనకు 'మీ మార్కులు ఇక్కడ చూడండి' అని రాయొద్దు, అంతే. అంగట్లో బోర్డు పెట్టి పిలవడం వ్యాపారం, చెయ్యి పట్టి లాక్కుపోవడం దౌర్జన్యం.

చేయాల్సింది

మన ఇంజనీర్లకు మొదట. మీరు చేసే సైటులో, వచ్చిన మనిషి పేజీ చదవక ముందే నోటిఫికేషన్ అడగమని మేనేజర్ చెప్తే, ఎందుకు అని ఒక్కసారి అడగండి. ఉద్యోగం పోదు. ఫోన్ షాపుల వాళ్ళకు: ఫార్మాట్ కొట్టే ముందు "ఫోటోలు దాచుకున్నారా?" అని ఒక్క ప్రశ్న. మోసపోయి డబ్బు పోయినవాళ్ళకు: సిగ్గుపడి ఊరుకోవద్దు, వెంటనే 1930కి ఫోన్ చేయండి. ఎంత తొందరగా చేస్తే డబ్బు ఆపే అవకాశం అంత ఎక్కువ. మాయదారి ప్రకటనల మీద 1915, జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్.

ఇక ఊరికెళ్ళే నాలాంటి వాళ్ళకు. ఇంట్లో పెద్దోళ్ళ ఫోన్ తీసుకుని మూడు పనులు చేయండి, పది నిమిషాలు కూడా పట్టదు. క్రోమ్‌ను తెలుగులోకి మార్చండి. సైట్లు నోటిఫికేషన్ అడగకుండా మొత్తంగా ఆపేయండి. వాట్సాప్‌కు, ఫోటోలకు బ్యాకప్ పెట్టండి. చేస్తూ చేస్తూ "నీకేం తెలీదు, ఏదంటే అది నొక్కుతావు" అని మాత్రం అనకండి. అట్లా అంటే ఈసారి ఏదైనా వస్తే మనకు చెప్పరు, భయంతో ఇంకెక్కడికో పోతారు. మోసగాడికి కావాల్సింది కూడా అదే.

ఏమంటారు? నొక్కినోళ్ళదే తప్పు అనేవాళ్ళుంటే రండి, వాదించుకుందాం :)